నిలువ నీటిలో ట్రౌట్‌కు ఫ్లై ఫిషింగ్: 12,000 రూపాయల సామగ్రి సరిపోతుందా?

విశాఖపట్నంలో ఉంటున్న మీరు వచ్చే సెలవుల్లో నీలగిరికి గానీ కశ్మీరుకు గానీ వెళ్లి, అక్కడి సరస్సులోనో జలాశయంలోనో, పురుగులా కట్టిన గాలాన్ని (ఫ్లైని) విసిరే ఫ్లై ఫిషింగ్‌తో, చల్లని నీటి చేప అయిన ట్రౌట్‌ను పట్టాలనుకుంటున్నట్టు రాశారు. రాడ్, రీలు, లైను అన్నీ కలిపి 12,000 రూపాయలు దాటకూడదన్నారు. దుకాణంలో చూపించిన రీలు ఒక్కటే 9,000 ఉండడంతో ఈ ఆలోచన మానుకోవాలా అని సందేహపడుతున్నారు. 11 ఏళ్ల మీ అబ్బాయి కూడా దీన్ని నేర్చుకోగలడా అన్నది మీ రెండో ప్రశ్న.

ముందుగా సమాధానం చెప్పి, తర్వాత కారణాలు వివరిస్తాను. 12,000 రూపాయలు సరిపోతాయి, అయితే ఆ డబ్బులో పెద్ద వాటా రీలుకు పోకూడదు. పొదుపు చేయకూడనిది లైను దగ్గర. తొమ్మిది అడుగుల ఆరో నంబరు రాడ్, నీటిపై తేలే ఆరో నంబరు లైను, అతి సాధారణమైన రీలు, ఐదు రకాల ఫ్లైలు ఉంటే చాలు. ఇక చేప పడడం, పడకపోవడం అన్నది నిలువ నీటిలో సామగ్రి ధర మీద కాక, మీ ఫ్లై ఎంత లోతులో, ఎంత నెమ్మదిగా కదులుతోందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మీ అబ్బాయి తప్పక నేర్చుకోగలడు. ఆ సంగతి చివరలో రాస్తాను.

నేను వాణిజ్య నౌకల్లో ఇంజినీరుగా పనిచేసి, ఇప్పుడు విశాఖలో స్థిరపడ్డాను. 1994 మే నెలలో మా ఓడ ఇంగ్లండులోని ఏవన్‌మౌత్ రేవులో సరుకు దించుతూ కొన్ని రోజులు ఆగినప్పుడు, బ్రిస్టల్‌కు దక్షిణాన ఉన్న బ్లాగ్డన్ సరస్సు ఒడ్డున మొదటిసారి ఫ్లై రాడ్ చేతపట్టాను. 1904 నుంచి ట్రౌట్ వేటకు పేరుపడిన జలాశయం అది. ఆ తర్వాత అవకాశం దొరికిన ప్రతి రేవులోనూ, ఉద్యోగం మానేశాక నీలగిరిలోనూ, ఒకసారి కశ్మీరు ఎత్తైన సరస్సుల దగ్గరా ఈ పని చేస్తూనే ఉన్నాను. కింద రాసినదంతా ఆ అనుభవం నుంచి చెబుతున్నదే.

ముందు లైను గురించి. మామూలు గాలంలో చివరన కట్టిన సీసం గుండు తంగూసును లాక్కుపోయి దూరంగా పడుతుంది. ఫ్లై అలా కాదు. చిన్న గాలానికి దారం, ఈక, బొచ్చు చుట్టి పురుగులా కనిపించేట్టు చేసినది అది. దానికి చెప్పుకోదగిన బరువే ఉండదు, విసిరితే పది అడుగులు కూడా పోదు. అందుకే ఇక్కడ లైనుకే బరువు ఉంటుంది, ఆ లైను బరువే రాడ్‌ను వంచి, ఫ్లైని తనతో మోసుకుపోతుంది. లైనుకు ఇచ్చే నంబరు ఆ బరువును సూచించేదే. ఆరో నంబరు లైనులో మొదటి 30 అడుగులు 160 గ్రెయిన్లు, అంటే దాదాపు 10.4 గ్రాములు తూగాలి. ఐదో నంబరైతే 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9.1 గ్రాములు. రాడ్ మీద రాసిన నంబరూ లైను నంబరూ కలిస్తేనే విసురు సాగుతుంది.

చవక కిట్లలో దెబ్బ తగిలేది సరిగ్గా ఇక్కడే. కొన్నేళ్ల కిందట మిత్రుడొకరు రాడ్, రీలు, లైను కలిపి అమ్మే ఒక కిట్ కొని, నెల రోజులు ప్రయత్నించినా లైను ముందుకు సాగడం లేదనీ, ఇది తన వల్ల కాదనీ చెప్పి నాకు ఇచ్చేశారు. నేను ఆ లైను కొసన ఉండే సమమైన చిన్న ముక్కను వదిలి, అక్కడి నుంచి 30 అడుగులు కొలిచి, చుట్టగా చుట్టి, వన్‌టౌన్ కురుపాం మార్కెట్‌లో తెలిసిన కంసాలి దగ్గర తూకం వేయించాను. ఆరో నంబరు అని పెట్టె మీద రాసి ఉన్న ఆ లైను 8.5 గ్రాములే తూగింది. అంటే అది నాలుగో నంబరుకూ ఐదో నంబరుకూ మధ్యలో ఎక్కడో ఉంది. ఆ మనిషి చేతిలో లోపమేమీ లేదు. రాడ్ వంగడానికి చాలినంత బరువు లైనులో లేకపోవడమే కారణం. అదే రాడ్‌కు సరైన లైను ఎక్కించిన రోజు సాయంత్రానికి ఆయన 35 అడుగులు విసరగలిగారు. కిట్ కొనవద్దని నేను అనడం లేదు. కిట్‌లోని రాడ్, రీలు చాలాసార్లు బాగానే ఉంటాయి. కానీ కిట్ కొన్నా లైను మాత్రం విడిగా కొనడానికి డబ్బు అట్టిపెట్టుకోండి.

కొనేటప్పుడు ముందు భాగం బరువుగా ఉండే రకాన్ని, అంటే వెయిట్ ఫార్వర్డ్ అని పెట్టె మీద రాసిన తేలే లైనును అడగండి. పొడవు సాధారణంగా 27 మీటర్ల దాకా ఉంటుంది. రంగు గురించి ఆలోచించనక్కరలేదు. లేత రంగైతే నీటి మీద ఎక్కడుందో మీకు బాగా కనిపిస్తుంది, అదే దాని ప్రయోజనం. మునిగే లైను కూడా ఒకటి ఉండాలని దుకాణదారులు చెబుతారు. మొదటి ఏడాది అది అవసరం లేదు. తేలే లైనుకు పొడవైన లీడరు, అంటే కొసన ఉండే సన్నని తంగూసు, కట్టి, కాస్త బరువైన ఫ్లై వేస్తే పది అడుగుల లోతు వరకు పని జరుగుతుంది.

రాడ్ విషయంలో ఐదో నంబరా, ఆరో నంబరా అని మీరు తడబడవచ్చు. పిల్ల కాలువల్లో చిన్న చేపలకు ఐదో నంబరు సుఖంగా ఉంటుంది. సరస్సు ఒడ్డున మాత్రం గాలికి అడ్డేమీ ఉండదు, ఫ్లైలు కూడా కొంచెం పెద్దవి వాడతాం, అందువల్ల ఆరో నంబరునే సూచిస్తున్నాను. ఏడో నంబరు పొద్దంతా విసిరితే కొత్తవారికి భుజం నొప్పి పుడుతుంది. గ్రాఫైట్‌తో చేసిన, నాలుగు ముక్కలుగా విడిపోయే రాడ్ తీసుకోండి. రైలు బెర్తు కింద పెట్టుకోవచ్చు, విమానంలోనూ ఇబ్బంది ఉండదు; అయితే విమానమైతే గాలాలన్నీ చేతి సంచిలో కాకుండా లగేజీలో వేయాలి. మరీ బిరుసైన రాడ్ కన్నా మధ్యలోంచి వంగే రాడ్ నేర్చుకునేవారికి మేలు, ఎందుకంటే లైను బరువు ఎప్పుడు పడిందో చేతికి తెలుస్తుంది.

రీలు గురించి రెండు మాటలు చాలు. మన సరస్సుల్లో తగిలే ట్రౌట్ ఎక్కువగా కిలోలోపువే. అంత చేపకు రీలు లైను చుట్టి దాచుకునే చక్రం మాత్రమే. చేపను ఆపేది వంగిన రాడ్, మీ ఎడమ చేతి వేళ్లు. 1,500 రూపాయల రీలు ఆ పనికి సరిపోతుంది. మీకు చూపించిన 9,000 రూపాయల రీలులోని బ్రేకు సముద్రంలో పరుగెత్తే పెద్ద చేపలకు ఉద్దేశించినది.

లీడరు దగ్గర బాగా పొదుపు చేయవచ్చు. లైను కొసకూ ఫ్లైకీ మధ్య కట్టే, క్రమంగా సన్నబడే పారదర్శకమైన తంగూసునే లీడరు అంటారు. ప్యాకెట్‌లో వచ్చేవి ఒక్కొక్కటీ ఖరీదైనవే. నేను ఏళ్ల తరబడి చేపల సామగ్రి దుకాణంలో దొరికే మామూలు నైలాన్ తంగూసు మూడు చుట్టలు కొని నేనే కట్టుకుంటున్నాను: 0.45 మిల్లీమీటర్ల మందం గలది నాలుగు అడుగులు, 0.30 గలది మూడు అడుగులు, 0.20 గలది ఐదు అడుగులు. మొత్తం 12 అడుగులవుతుంది. రెండు కొసలనూ పక్కపక్కన పెట్టి, ఉచ్చులోంచి కలిపి రెండుసార్లు దూర్చి లాగితే ముడి బిగుస్తుంది. బిగించే ముందు ముడిని తడపడం మరిచిపోకండి; పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ బలం తగ్గి, చేప తగిలినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది.

మొత్తం లెక్క నేనైతే ఇలా వేస్తాను. రాడ్‌కు 4,500, రీలుకు 1,500, లైనుకు 3,000, లీడరుకూ లైను వెనక చుట్టే దారానికీ 1,200, ఫ్లైలకు 900, మీ ఇద్దరికీ కళ్లద్దాలు, చిన్న పటకారు కలిపి 900. ధరలు మారుతుంటాయి కనుక అంకెలను కాక వాటి మధ్య నిష్పత్తిని చూడండి: లైను ధర రీలు ధరకు రెట్టింపు ఉండాలి.

ఫ్లైలు ఎన్నో రకాలున్నాయి, వాటి బొమ్మలు చూస్తే అన్నీ కొనాలనిపిస్తుంది. ఐదింటి దగ్గర ఆగండి, ఒక్కొక్కటి మూడు చొప్పున తీసుకోండి. నల్ల బజ్జర్, ఫెజెంట్ టెయిల్ నింఫ్, ఆలివ్ రంగు డామ్సెల్ నింఫ్, నల్లదో ఆలివ్‌దో ఊలీ బగ్గర్, నీటిపై తేలడానికి ఒక ఆడమ్స్. గాలం సైజు 10 నుంచి 14 మధ్య ఉండాలి. అంకె పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుందని గుర్తుంచుకోండి. వీటిలో ఏదో ఒకటే ఉంచుకోమంటే నేను బజ్జర్‌నే ఉంచుకుంటాను. సాయంత్రం దీపాల చుట్టూ దోమల్లా మూగి, కుట్టకుండా పోయే సన్నని ఈగలను మీరు చూసే ఉంటారు. వాటి పిల్ల పురుగులు చెరువు అడుగు బురదలో ఎర్రగా ఉంటాయి. మన రక్తంలో ఉన్నట్టే వాటిలోనూ హీమోగ్లోబిన్ ఉండడమే ఆ ఎరుపుకు కారణం, ప్రాణవాయువు తక్కువైన బురదలో బతకడానికి అది పనికొస్తుంది. ఆ పురుగు ప్యూపా దశకు చేరి, రెక్కలు విప్పుకోవడానికి అడుగు నుంచి పైకి నెమ్మదిగా, ఆగి ఆగి లేస్తుంది. ట్రౌట్ దాన్ని పరుగెత్తి పట్టనక్కరలేదు, నోరు తెరిస్తే చాలు. ప్రపంచంలో ఏ నిలువ నీటిలోనైనా ట్రౌట్‌కు దొరికే ముఖ్యమైన తిండి ఇది, అందుకే దాని ఆకారంలో కట్టిన సన్నని నల్లని ఫ్లై ఎక్కడికి తీసుకెళ్లినా పనిచేస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఏటిలో ట్రౌట్ ఒక రాయి చాటున నిలబడితే తిండి ప్రవాహంలో దాని దగ్గరకే కొట్టుకొస్తుంది. సరస్సులో నీరు తిండిని తెచ్చివ్వదు కనుక చేపే తిరగాలి. ఒక దారి ఎంచుకుని, ఒక లోతు పట్టుకుని, అది గస్తీ తిరుగుతుంది. కాబట్టి మీరు చేప ఎక్కడుందో వెతకడం కన్నా, అది ఏ లోతులో తిరుగుతోందో తెలుసుకుని అక్కడ ఫ్లైని నిలపడం ముఖ్యం. చెరువులో బెండు కట్టి గాలం వేసే మన పల్లెవాళ్లకు ఈ విద్య తెలిసినదే. బెండును పైకీ కిందికీ జరుపుతూ ఎర అడుగుకు జానెడు పైన ఉండేట్టు చూసుకుంటారు కదా, నేను చెబుతున్నదీ అదే.

లోతైన సరస్సులో నీరు పొరలు పొరలుగా ఉంటుంది. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది, వేడెక్కేకొద్దీ తేలికై పైకి చేరుతుంది. ఎండ రోజుల్లో పై పొర వెచ్చబడుతుంది, కింద చల్లని పొర కదలక నిలిచిపోతుంది. ట్రౌట్‌కు 10 నుంచి 16 డిగ్రీల మధ్య సుఖం. 20 దాటితే తిండి మానేస్తూ వస్తుంది. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా కరుగుతుందన్నది దీనికి మరో కారణం: సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీల నీటిలో లీటరుకు 11 మిల్లీగ్రాములకు పైగా కరిగితే, 30 డిగ్రీల నీటిలో ఏడున్నరకు పడిపోతుంది. కాబట్టి తెల్లవారుజామున, సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు చేప పైకి, ఒడ్డు దగ్గరకు వస్తుంది. ఎండెక్కాక లోతుకు దిగుతుంది. మీరూ దాని వెంటే దిగాలి.

లోతును లెక్కపెట్టే పద్ధతి ఇది. ఫ్లై నీటిలో పడగానే మనసులో అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టండి. మొదటి విసురులో పది లెక్కపెట్టి లాగండి, తర్వాత ఇరవై, తర్వాత ముప్పై. ఫ్లైకి అడుగు నాచు తగిలిందంటే ఆ అంకెకు మూడు నాలుగు తగ్గించండి. ఒకసారి చేప తగిలితే అదే అంకెకు కట్టుబడి ఉండండి. బజ్జర్‌తో అయితే నేను ఇంకా సులువైన పని చేస్తాను: లీడరు మీద చిన్న రంగు బెండును, అంటే ఇండికేటరును, కట్టి, దాని కింద ఆరు అడుగుల లోతులో బజ్జర్‌ను వేలాడదీసి వదిలేస్తాను. అలలు బెండును ఊపుతుంటే ఫ్లై దానంతటదే పైకీ కిందికీ ఆడుతుంది. ఇది ఫ్లై ఫిషింగే కాదని కొందరు పెద్దలు అంటారు. నేను ఆ మాటతో ఏకీభవించను. కొత్తవారికి నిలువ నీటిలో లోతు అంటే ఏమిటో ఇంత స్పష్టంగా చూపించే పద్ధతి మరొకటి లేదు.

బ్లాగ్డన్‌లో నేను నేర్చుకున్న మొదటి పాఠమూ ఇదే. ఆ సాయంత్రం నీటి మీద చేపలు లేస్తున్నాయి, నేను ఫ్లైని వేయడం, చకచకా లాగడం, మళ్లీ వేయడం, ఇలా రెండు గంటలు గడిపాను. 40 అడుగుల అవతల నిలబడిన ఒక వృద్ధుడు మూడు చేపలు పట్టారు. ఆయన లాగడమే లేదు. పక్కవాటుగా వీస్తున్న గాలికి అడ్డంగా లైను వేసి, అది విల్లులా వంగుతూ ఫ్లైని నత్తనడకన ఈడ్చుకుపోతుంటే చూస్తూ నిలబడ్డారు. నేను దగ్గరకు వెళ్లి అడిగితే, నా రాడ్ తీసుకుని అలాగే ఒకసారి వేసి, తిరిగి నా చేతికిచ్చి, కదపవద్దని చెప్పారు. లైను కొస ఒక్క అంగుళం పక్కకు జరిగింది. రాడ్ ఎత్తగానే బరువు తెలిసింది. అర కిలో పైన ఉన్న రెయిన్‌బో ట్రౌట్ అది. అప్పటి నుంచి నేను వేగంగా లాగాలనిపించిన ప్రతిసారీ సగం వేగానికి తగ్గిస్తాను. చేప అందుకుందన్న గుర్తు చాలాసార్లు అంతే ఉంటుంది: లైను కొస కొంచెం జరుగుతుంది, లేదా కదులుతున్నది ఆగుతుంది. కుదుపు కోసం ఎదురుచూస్తే చేప ఫ్లైని ఉమ్మేసి వెళ్లిపోయి ఉంటుంది.

రెండో పాఠం నీలగిరిలో. అవలాంచి ప్రాంతపు జలాశయం ఒడ్డున అనుమతి తీసుకుని రెండు రోజులు నిలబడ్డాను. దూరంగా విసరగలనన్న నమ్మకంతో మోకాళ్ల లోతు నీటిలోకి దిగి, 60 అడుగుల అవతలికి వేస్తూనే ఉన్నాను. ఒక్క చేపా తాకలేదు. రెండో రోజు మధ్యాహ్నం అలసి ఒడ్డెక్కి కూర్చుంటే, నేను అంతవరకు నిలబడిన చోటే, ఒడ్డుకు పది అడుగుల్లో, మునిగిన గడ్డి అంచున ఒక చేప వెళ్లడం, నీటి మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాల్లోంచి కనిపించింది. కొంతసేపటికి అదే దారిలో తిరిగి వచ్చింది. సన్న తూనీగల పిల్లలు ఆ గడ్డి పట్టుకుని ఒడ్డుకు ఈదుతున్నాయి, చేప వాటి కోసమే తిరుగుతోంది. రెండు రోజులూ ఆ చేపల దారిలో నేనే అడ్డంగా నిలబడ్డానన్నమాట. కాబట్టి నీటి దగ్గరకు వెళ్లగానే దిగకండి. ఒడ్డుకు ఐదు అడుగులు వెనకే ఆగి, వంగి, ముందు దగ్గరి నీటిలో నాలుగైదు విసుర్లు వేశాకే ముందుకు జరగండి. 35 అడుగులు చక్కగా వేయగలిగితే మీకు కావలసిన దూరమంతా వచ్చినట్టే.

గాలి విషయం ఒకటి చెప్పాలి. కొత్తవాళ్లు గాలి వెనక నుంచి వీచే ఒడ్డును ఎంచుకుంటారు, విసరడం సుఖం కనుక. కానీ పురుగులు, పై పొర నీరు గాలితో పాటు ఎదుటి ఒడ్డుకు చేరతాయి, చేపలూ అక్కడికే వెళతాయి. మొదట్లో ఎదురుగాలి కష్టమైతే పక్కవాటు గాలి ఉండే మూల ఎంచుకోండి. కుడిచేతివారికి ఎడమ వైపు నుంచి వీచే గాలి క్షేమం, ఫ్లై ఒంటి మీదకు రాదు. నున్నటి నీరు, చిరు అలల నీరు కలిసే గీత కనిపిస్తే దాని వెంబడి వేయండి.

ఎక్కడికి వెళ్లాలన్న మాటకు వస్తే, మన చుట్టుపక్కల ట్రౌట్ ఉండదు. లంబసింగిలో అంత చలి ఉంటుంది కదా, అక్కడ పెంచకూడదా అని చాలామంది అడుగుతారు. శీతాకాలపు రాత్రులు చల్లగా ఉండడం వేరు, ఏడాది పొడవునా నీరు 20 డిగ్రీల లోపు ఉండడం వేరు. ట్రౌట్‌కు కావలసింది రెండోది. నీలగిరిలో 1860లలో చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే ట్రౌట్‌ను తెచ్చి వదిలే ప్రయత్నం చేసినా అది నిలవలేదు. 20వ శతాబ్దం తొలి దశకంలో చేపల పెంపకం నిపుణుడు హెచ్.సి. విల్సన్ కృషితో రెయిన్‌బో రకం స్థిరపడింది, అవలాంచిలో హేచరీ, అంటే గుడ్లు పొదిగించి పిల్లలను పెంచే కేంద్రం, వెలసింది. కశ్మీరుకు దాదాపు అదే కాలంలో స్కాట్లండు నుంచి బ్రౌన్ ట్రౌట్ గుడ్లు వచ్చాయి. ఈ తేడా మీ వేటకు పనికొస్తుంది. రెయిన్‌బో ఒడ్డుకు దూరంగా విశాలమైన నీటిలో, మధ్య పొరల్లో తిరుగుతుంది, పగలు కూడా అందుకుంటుంది. బ్రౌన్ ట్రౌట్ రాళ్ల అంచులను, అడుగును వదలదు. వెలుగు తక్కువగా ఉన్న వేళల్లోనే ధైర్యంగా బయటకు వస్తుంది.

విశాఖ నుంచి మొదటి ప్రయాణానికి నేను నీలగిరినే సూచిస్తాను. రైల్లో కోయంబత్తూరు చేరుకోవచ్చు, అక్కడి నుంచి మెట్టుపాళయం మీదుగా ఊటీకి బస్సులుంటాయి. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు వానలు తగ్గి, నీరు చల్లగా ఉంటుంది. కశ్మీరులో విషన్‌సర్, గంగాబల్ వంటి సరస్సులు 3,500 మీటర్ల పైన ఉంటాయి, రోజుల తరబడి నడిచి చేరాలి. అబ్బాయితో మొదటిసారే అంత ఎత్తుకు వద్దు. ఎక్కడికైనా సరే, మత్స్యశాఖ పర్మిట్, అటవీ ప్రాంతమైతే అటవీశాఖ అనుమతి రాతపూర్వకంగా చేతికి వచ్చాకే రైలు టిక్కెట్టు కొనండి. ఏ నీటిలో వేట తెరిచి ఉంది, ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు, ఏ నెలల్లో మూసి ఉంటుందన్నవి ఆ కార్యాలయంలోనే అడగాలి. నీలగిరి జలాశయాల ఒడ్డున ఏనుగులు, అడవిదున్నలు నీటికి వస్తాయి, కనుక స్థానికుడు తోడు లేకుండా పొద్దుగూకాక ఉండవద్దు. ఉరుము వినిపించిన క్షణమే రాడ్ కింద పెట్టేయండి. గ్రాఫైట్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది.

వెళ్లే ముందు కనీసం నెల రోజులు ఇక్కడే సాధన చేయాలి. గడ్డి మైదానం కావాలి. ఆర్.కె. బీచ్ ఇసుకలో వద్దు, ఇసుక రేణువులు లైను పూతను గీస్తాయి, సముద్రపు గాలి కొత్తవారికి మరీ ఎక్కువ. మీ కాలనీ పార్కులో తెల్లవారి 20 నిమిషాలు చాలు. గాలం బదులు చిన్న ఊలు ముక్క కట్టండి. వెనక్కి విసిరాక లైను పూర్తిగా సాగేదాకా ఆగడమే ఇందులో రహస్యం. తల తిప్పి వెనక లైనును చూస్తూ నేర్చుకోండి. రాడ్ గడియారంలో పది గంటల ముల్లు నుంచి ఒంటిగంట ముల్లు దాకానే కదలాలి, చివరన గట్టిగా ఆగాలి. వెనక చెట్లున్న చోట్ల కోసం, లైనును వెనక్కి విసరకుండా నీటి మీదే చుట్టలా ముందుకు దొర్లించే రోల్ కాస్ట్ కూడా నేర్చుకోవాలి. దానికి మాత్రం నీరు ఉండాలి. నేను ఆనందపురం వైపు ఒక రైతును అడిగి ఆయన చేపల చెరువులో సాధన చేశాను. తిలాపియాలు, పరిగెలు చిన్న ఫెజెంట్ టెయిల్‌ను సంతోషంగా అందుకుంటాయి, లైను కొస కదలికను చదవడం వాటి దగ్గరే అలవాటైంది. మంచినీటి జలాశయాల దగ్గరకు మాత్రం అనుమతి లేకుండా వెళ్లకండి.

చేపను వదిలేయదలిస్తే గాలం మీద వెనక్కి తిరిగి ఉండే ముల్లును ముందే పటకారుతో నొక్కేయండి, చేతులు తడుపుకుని, చేపను నీటిలోనే ఉంచి గాలం తీయండి. నీరు 20 డిగ్రీలకు చేరిందంటే వేట ఆపేయడమే మంచిది, ఆ వేడిలో పోరాడి అలసిన ట్రౌట్ వదిలినా బతకడం కష్టం. తినడానికి ఉంచుకుంటే వెంటనే చంపి, పొట్ట శుభ్రం చేసి, మంచులో పెట్టండి. బుట్టలో కొట్టుకుంటూ వదిలేయడం తప్పు, పైగా మాంసమూ చెడిపోతుంది.

మన ఊరి ఉప్పుగాలి సామగ్రికి శత్రువు. ఓడల్లో అల్యూమినియం, స్టీలు కలిసిన చోట తుప్పు ఎలా మొదలవుతుందో ఏళ్ల తరబడి చూసినవాణ్ణి. రీలులోనూ అవే రెండు లోహాలుంటాయి. ఇంటికి రాగానే మంచినీటితో కడిగి, నీడలో ఆరబెట్టి, ఫ్లైల పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేయండి. లైనును ఎండలో నిలిపిన కారులో వదలకండి. దోమల మందు రాసుకున్న చేత్తో ముట్టుకోకండి. డీట్ ఉన్న మందు లైను పూతను కరిగిస్తుంది.

ఇక మీ అబ్బాయి సంగతి. 11 ఏళ్లకు తొమ్మిది అడుగుల రాడ్ బరువేమీ కాదు, ఎందుకంటే బలంతో కాక ఆగడంతో చేసే పని ఇది. పిల్లలు ఆ ఆగడాన్ని పెద్దల కన్నా త్వరగా పడతారని నా అనుభవం. మా మేనల్లుడికి పదేళ్లప్పుడు ముందు రోల్ కాస్ట్ నేర్పి, ఇండికేటరు కింద బజ్జర్ కట్టిచ్చాను. దూరం గురించి ఒక్క మాట చెప్పలేదు, బెండును చూడమని మాత్రమే చెప్పాను. రెండో పూటకే తిలాపియా పట్టాడు. ఒకే రాడ్ కొని ఇద్దరూ వంతులవారీగా వాడండి, ఒకరు వేస్తుంటే మరొకరు నీటిని చూడాలి. ఒక నియమం మాత్రం సడలించకండి: రాడ్ ఎవరి చేతిలో ఉన్నా, టోపీ, కళ్లద్దాలు ఇద్దరికీ ఉండాలి. వెనక నుంచి వచ్చే గాలం కంటికి తగిలితే సరిదిద్దుకునే వీలుండదు, పైన వేసిన లెక్కలో కళ్లద్దాలను రెండు జతలుగా రాసింది అందుకే.